మూడో అంతస్తు మ్యూటెక్స్

హైమవతి తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. పైవాళ్లకి అర్థమవుతుందని పాపం ఒక ఉదాహరణ రాసింది, అంతే. ప్రభుత్వం ఫైల్లో ఎవరైనా ఉదాహరణ రాస్తారా అని మీరడిగితే, పైవాళ్లే రాయమన్నారు మరి.

ఆఫీసు పేరు రాష్ట్ర టోకెన్ యంత్రాల అభివృద్ధి సంస్థ. ఆసుపత్రుల్లో జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడకుండా, మీట నొక్కితే వరుస నంబరేసిన చీటీ ఇచ్చే మిషన్లు తయారుచెయ్యడం దాని పని. మిషన్ నడవాలంటే లోపల ఒక ఆపరేటింగ్ సిస్టం ఉండాలి కదా. దాని నట్టనడుమ కూచుని మిగతా పనులన్నిటికీ పెద్దరికం చేసే భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ కెర్నెల్‌ని చూసుకునే మనిషి మేడపాటి హైమవతి. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చిలో పొడిగిస్తేనే ఉంటుంది.

ఊళ్లో పెద్దాసుపత్రిలో పరీక్ష కోసం ఒక మిషన్ పెట్టారు. దానికి అటొక మీట, ఇటొక మీట. ఎలా నడుస్తోందో చూద్దామని హైమవతి వెళ్లిన పొద్దునే రెండు మీటలూ ఇద్దరు ఒక్కసారే నొక్కారు. ఇద్దరికీ ఇరవై ఏడే వచ్చింది. అందులో ఒకావిడ పేరు నూకాలు. చంకలో చెవిపోటుతో గుక్కపెట్టి ఏడుస్తున్న ఆడపిల్ల. రెండోవాడు మెళ్లో లావుపాటి గొలుసున్న ఆసామి. నంబరు పిలవగానే ఆసామి లోపలికి దూరిపోయాడు. వెనకాలే నూకాలు వెళ్లబోతే అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇరవై ఏడు అయిపోయిందమ్మా. మళ్లీ చీటీ తీసుకో."

మళ్లీ చీటీ తీసుకుని, మళ్లీ కూచుని, ఆమె వంతు వచ్చేసరికి చెవి డాక్టరుగారు ఇంటికెళ్లిపోయారు. నూకాలు హైమవతి మెళ్లో ఉన్న ఆఫీసు కార్డు చూసి దగ్గరికొచ్చింది.

"ఈ మిషను నీదేనామ్మా?"

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హైమవతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నాదేనక్కా. బాగుచేస్తాను. నువ్వు మళ్లీ వచ్చేసరికి బాగుంటుంది."

"చెవి డాక్టరుగారు మళ్లీ ఒకటో తారీకునే అంట. అప్పటిదాకా దీని చెవిలో నూనె పోసుకుంటా కూచుంటాను," అని నూకాలు పిల్లని ఎత్తుకుని వెళ్లిపోయింది. సరిగ్గా ఆ ఒకటో తారీకు నుంచే ఇవే మిషన్లు అన్ని జిల్లాల ఆసుపత్రుల్లోనూ పెట్టబోతున్నారు. ఆ సంగతి తలుచుకుంటే హైమవతికి అన్నం సయించలేదు.

లోపం ఎక్కడుందో సాయంత్రానికే దొరికింది. కెర్నెల్‌లో నంబరు వేసే చోటు ఒకటుంది. అక్కడికి ఒకసారి ఒక్క పనే వెళ్లాలి. పాత ప్రోగ్రామరు దాని వాకిట్లో సెమాఫోర్ అనే కాపలా పెట్టాడు. సెమాఫోర్‌కి లెక్కే తప్ప మొహం తెలీదు. ఎంతమందికి చోటుంటే అంతమందిని పంపుతుంది, ఎవరు 'అయిపోయింది' అన్నా ఇంకొకరికి చోటు ఖాళీ అయిందనుకుంటుంది. చీటీ అచ్చేసే పని అసలు లోపలికే వెళ్లదు. అయినా దారినపోతూ 'అయిపోయింది' అనేసి పోతోంది. దాంతో ఒక్కరికే ఉన్న చోటు ఇద్దరికయింది. దాని బదులు మ్యూటెక్స్ పెడితే ఈ పీడ ఉండదు. మ్యూటెక్స్ మొహం గుర్తుపెట్టుకుంటుంది. లోపలికెళ్లినవాడే బయటికొచ్చి చెప్పాలి, ఇంకెవడు చెప్పినా వినదు.

ప్రోగ్రాంలో మార్చాల్సింది నాలుగే వరుసలు. కానీ డైరెక్టరుగారి డిజిటల్ సంతకం పడందే మిషన్లు కామా మార్పుని కూడా లోపలికి రానివ్వవు. హైమవతి నోట్ పెట్టింది. రెండ్రోజులకి తిరిగొచ్చింది, పైన ఎర్ర సిరాతో: "సాంకేతిక పదజాలము అధికముగా నున్నది. సామాన్య భాషలో, నిత్యజీవితము నుండి తగు ఉదాహరణతో మరల సమర్పించవలెను."

పక్క సీటు రిజ్వానా మిషన్లని పరీక్షించే మనిషి. ఆమెకి చూపించి తల పట్టుకుంది హైమవతి.

"వంటింటి ఉదాహరణ రాసెయ్యి. ఒకే పొయ్యి, ఇద్దరు కోడళ్లు," అంది రిజ్వానా.

"ఈ పైవాళ్లలో ఒక్కడైనా వంటింట్లోకి వెళ్తాడంటావా?"

"అయితే అందరూ వెళ్లే చోటేదో చూసి రాయి."

అలా వచ్చింది బాత్రూం. హైమవతి ఎంతో ఓపిగ్గా రాసింది. మన మూడో అంతస్తులో ఒకే బాత్రూం ఉంది, తాళంచెవి మేకుకి వేలాడుతుంది. ఎవరైనా తియ్యొచ్చు, ఎవరైనా తగిలించొచ్చు, ఇది సెమాఫోర్ లాంటిది. మూడు గదులుంటే మూడు తాళంచెవులు తగిలించి ముగ్గురిని పంపొచ్చు, దానికి ఈ పద్ధతి భేషుగ్గా ఉంటుంది. గది ఒకటే అయినప్పుడు మాత్రం, ఎవరో పొరపాటున మారు తాళంచెవి ఒకటి అదే మేకుకి తగిలిస్తే ఇద్దరు ఒకేసారి లోపల పడతారు. అందుకని ఒక్క తాళంచెవే ఉండాలి, తీసుకున్న మనిషే తిరిగివ్వాలి. ఇది మ్యూటెక్స్. మన మిషన్లోనూ ఇలాగే మార్చాలి.

చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. అదే కొంప ముంచింది.

నోట్ మొదటి టేబుల్ మీదికి చేరగానే అక్కడి గుమాస్తా 'బాత్రూం' అన్న మాట చూసి, ఫైలుని భవనాల విభాగానికి తోసేశాడు. మర్నాడు పొద్దున్నే ఎస్టేట్ ఆఫీసరు అప్పికట్ల గణపతిరావు హైమవతి సీటు దగ్గరికి వచ్చాడు. కుళాయిలూ బల్బులూ చూసుకునే మనిషి, ఆయన్ని ఎవరూ ఏ మీటింగుకీ పిలవరు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నా సర్వీసంతా ఈ బాత్రూం కంపు కొడుతోందని తిట్టినవాళ్లే గాని, దాని మీద శాస్త్రం రాసినవాళ్లు లేరమ్మా! మ్యూటెక్స్! ఎంత గొప్ప పేరు!"

"గణపతిరావుగారూ, అది ఉదాహరణండీ. అసలు విషయం మిషన్."

"ఉదాహరణే కదమ్మా నేనూ అంటున్నాను. ఉన్నదాన్నే కదా ఉదాహరణగా చూపించావు? మూడో అంతస్తు ఉందా, బాత్రూం ఉందా, మేకుందా? అన్నీ ఉన్నాయి. లేవంటే తప్పుడు సమాచారం కిందకొస్తుంది తల్లీ, అసలే కాంట్రాక్టు ఉద్యోగం."

హైమవతి మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది.

మీటింగు పెట్టారు. డైరెక్టరు వేమవరపు సత్యప్రకాశం గారికి కొత్త పేరేదైనా చెవిన పడితే ఒళ్లు తెలీదు. కిందటేడు ఇంకేదో మాట పట్టుకుని ఆఫీసు బల్లలన్నీ గుండ్రంగా వేయించారు. ఈసారి లేచి నిలబడి మరీ మాట్లాడారు.

"ఇది కేవలం తాళంచెవి విషయం కాదు. ఇది జవాబుదారీతనం విషయం. తీసుకున్నవారే తిరిగివ్వాలి అనే మహత్తర సూత్రాన్ని మనం సంస్థాగతం చేయబోతున్నాం. మ్యూటెక్స్ సంస్కృతికి శ్రీకారం చుట్టబోతున్నాం. ఏమంటారు మేడమ్?"

"సార్, మిషన్లో కూడా..." అంది హైమవతి.

"తప్పకుండా. ముందు ఉదాహరణ అమలుచేసి ఫలితాలు చూద్దాం. తర్వాత మిషన్ సంగతి."

సర్క్యులర్ వచ్చేసింది. మేకు పీకేశారు. తాళంచెవి గణపతిరావు టేబుల్ మీద ఇత్తడి పళ్లెంలో. తీసుకున్నవాళ్లు తామే స్వయంగా తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి, ఇతరులు ఇచ్చినచో స్వీకరింపబడదు.

మొదటి రెండ్రోజులు బాగానే నడిచింది. మూడోరోజు అకౌంట్స్ సూపరింటెండెంటు భానుమూర్తి బాత్రూంకి తాళం వేసి, అలవాటు కొద్దీ తాళంచెవి జేబులో వేసుకుని, అట్నుంచి అటే శ్రీకాకుళంలో పెళ్లికి బస్సెక్కేశాడు. ఫోన్ చేస్తే అవతల సన్నాయి మేళం. "అయ్యో, పొరపాటైపోయింది, మా బావమరిదితో పంపిస్తాను," అన్నాడు.

బావమరిది పాపం బస్సుల్లో పడి, తాళంచెవి చేతిరుమాల్లో ముడేసుకుని తీసుకొచ్చాడు. గుమ్మంలో స్టాఫంతా ఆయన కోసం కళ్లు కాయలు కాచేలా నిలబడి ఉన్నారు. గణపతిరావు కళ్లజోడు సవరించుకున్నాడు.

"తమరు తీసుకున్నారా?"

"లేదండి, మా బావగారు తీసుకున్నారు."

"అయితే తమరు ఇవ్వకూడదు."

"ఇదిగోనండి బాబూ, ఇక్కడే ఉంది కదా తాళంచెవి!"

"కళ్లకి కనిపిస్తోంది. రూల్లో కనిపించట్లేదు," అన్నాడు గణపతిరావు. ఆయన మొహంలో నిజంగానే బాధ ఉంది. పొద్దుట్నుంచీ ఆయనా వెళ్లలేదు మరి.

బావమరిది తాళంచెవి పళ్లెం పక్కన పెట్టి దణ్ణం పెట్టి పారిపోయాడు. అది అక్కడే ఉంది, అందరూ చూస్తూనే ఉన్నారు, ఎవరూ ముట్టుకోవడానికి లేదు. భానుమూర్తి పెళ్లీ, ఆ తర్వాతి వ్రతమూ అన్నీ చూసుకుని వచ్చేదాకా మగవాళ్లు ఎదురుగా ఉన్న సినిమా హాలుకి టికెట్ కొని మరీ వెళ్లొచ్చారు. ఆడవాళ్ల అవస్థ అడక్కండి. రిజ్వానా నీళ్లు తాగడం మానేసింది.

"నీ మ్యూటెక్స్ పాడుగాను! మనిషి పోతే ఏంటే గతి?" అంది హైమవతి మీద ఇంతెత్తున లేచి.

"కెర్నెల్‌లో దానికీ ఉపాయం ఉందే. తీసుకున్నవాడు మరి లేడని తేలితే తాళం మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. ఆ మాట అడిగినవాడేడీ? అసలు నేను బాత్రూం గురించి రాశానా!"

యూనియన్ వాళ్లు గేటు ముందు కూచున్నారు. డైరెక్టరుగారు మళ్లీ మీటింగు పెట్టారు. ఈసారి చేతిలో హైమవతి నోట్, అందులో ఒక వాక్యం కింద గీత.

"మ్యూటెక్స్‌లో ఒక్కరే. సెమాఫోర్‌లో ముగ్గురు. ఇది మన మేడమ్ గారే రాశారు. అంటే సెమాఫోర్ సామర్థ్యం మూడు రెట్లు! ఇంతటి ప్రగతిశీల పద్ధతి చేతిలో ఉండగా ఒక్కరి దగ్గరే ఆగిపోవడం వెనకబాటుతనం కాదా?"

"సార్, మూడు గదులుంటే ముగ్గురు. మనకి ఉన్నది ఒక్క గది," అంది హైమవతి.

"గది ఒకటైనా వైశాల్యం ఉంది కదా మేడమ్. గణపతిరావుగారూ, కొలిపించండి."

గణపతిరావు టేపు పట్టుకుని కొలిచాడు. మనిషికి నిలబడ్డానికి కావలసిన చోటుతో భాగిస్తే సరిగ్గా మూడు వచ్చింది, కొంచెం మిగిలింది కూడా. మళ్లీ మేకు కొట్టారు. మూడు తాళంచెవులు తగిలించారు. ఒక్క గది, ఒక్క కమోడ్, బయట 'ఏకకాల సామర్థ్యం: ముగ్గురు' అని బోర్డు. బోర్డు కట్టిన గంటకే భానుమూర్తి లోపల ఉండగా డైరెక్టరుగారి డ్రైవరు రెండో తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. కేక మూడంతస్తులకీ వినపడింది.

దాని మీద ఒక సబ్ కమిటీ వేశారు. కమిటీలో హైమవతిని కూడా వెయ్యమని ఎవరో అంటే డైరెక్టరుగారు నవ్వారు.

"ఆవిడ ప్రోగ్రామింగ్ మనిషండీ. ఆవిడకి బాత్రూం వ్యవహారాలు ఏం తెలుస్తాయి?"

"సార్, మిషన్ ఫైలు ఏమయింది? ఒకటో తారీకు దగ్గరికొచ్చేసింది," అంది హైమవతి.

"అది పరిశీలనలో ఉంది. ఉదాహరణ ఒక కొలిక్కి రాకుండా అసలు విషయంలోకి ఎలా వెళ్తాం మేడమ్?"

ఆ సాయంత్రం బజార్లో మందుల షాపు దగ్గర నూకాలు కనిపించింది. పిల్ల చెవిలో దూది, దూది చుట్టూ పసుపుపచ్చగా చీము. ఏడ్చే ఓపిక లేక తల్లి భుజం మీద పడుకుని ఉంది.

"ఒకటో తారీకు తీసుకొస్తున్నానమ్మా. ఈసారన్నా నంబరు నా ఒక్కదానికే ఇయ్యి. ఇంకెవడికీ ఇవ్వకు," అంది నూకాలు.

ఎంత చిన్న కోరిక! హైమవతికి ఏడుపొచ్చింది, వెనకాలే అంతకు మించిన కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాదు, సాక్షాత్తూ సత్యప్రకాశం గారి మీదే. ఇంటికెళ్తూ దారంతా ఆలోచించింది. తన నోట్ వారాల తరబడి నిద్రపోతోంది. బాత్రూం కాగితం మాత్రం పొద్దున పెడితే సాయంత్రానికి సంతకమైపోతోంది. మేకు పీకడానికి సంతకం, కొట్టడానికి సంతకం, బోర్డుకి సంతకం. ఈ ఆఫీసులో కదిలే ఫైలు అదొక్కటే.

మర్నాడు కూచుని కొత్త నోట్ రాసింది. ఒక్క అబద్ధం లేదు, ఒక్క ఉదాహరణా లేదు. "విషయము: ఆసుపత్రులలో అమర్చబోవు మన పరికరముల లోపలి ఇరుకు గది తాళము. సదరు గదిలో ఒకసారి ఒక్కరికే చోటు కలదు. ప్రస్తుతము సెమాఫోర్ పద్ధతి నడుచుచున్నందున ఇరువురు ప్రవేశించుచున్నారు. మ్యూటెక్స్ పద్ధతికి మార్చుటకు అనుమతి కోరడమైనది. మార్పు ప్రతి జతపరచడమైనది." ఇరుకు గది అంటే కెర్నెల్‌లో నంబరు వేసే ఆ చోటే, జతపరిచింది ఆ నాలుగు వరుసలే.

రిజ్వానా చదివి నోరెళ్లబెట్టింది. "నీకేమైనా పిచ్చా? ఉద్యోగం పోతుంది."

"ఎలాగూ మార్చిలో పోయేదే కదా," అంది హైమవతి. ఫైలు పట్టుకుని గణపతిరావు టేబుల్ దగ్గరికి నడిచింది.

గణపతిరావు నోట్ చూసి పొంగిపోయాడు. తన శాఖ ఆసుపత్రుల దాకా విస్తరిస్తోందని ఆయనకి కొండెక్కినంత సంబరం. "బలముగా సిఫారసు చేయడమైనది" అని రాసి తనే స్వయంగా డైరెక్టరుగారి గదికి తీసుకెళ్లాడు. వెనకాల హైమవతి.

డైరెక్టరుగారు చదివి కనుబొమలు ముడిచారు.

"మళ్లీ మ్యూటెక్సా? మన విధానం సెమాఫోర్ కదా మేడమ్! ముగ్గురు!"

హైమవతి టేబుల్ దగ్గరికి ఒక అడుగు వేసింది. ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగిపోతుందా? ఒక్క క్షణం నూకాలు మొహం కళ్లముందు తిరిగింది.

"సార్, అది మన స్టాఫ్‌కి. ఇది ఆసుపత్రిలో. వచ్చేది రోగులు సార్, మామూలు జనం."

డైరెక్టరుగారు కుర్చీలో నిటారుగా కూచున్నారు.

"జనమా? జనాన్ని మన గదిలోకి ముగ్గురేసి చొప్పున పంపుతామా? వీల్లేదు! ఒక్కరంటే ఒక్కరే! తీసుకున్నవాడే తిరిగివ్వాలి, లేకపోతే కదలనివ్వకూడదు!" అంతలో భానుమూర్తి గుర్తొచ్చాడు కాబోలు. "వాడు తిరిగి రాకుండా పోతే?"

"మరి లేడని తేలాక తాళం కొత్తగా మొదలవుతుంది సార్. అది కూడా ఆ నాలుగు వరుసల్లోనే ఉంది."

"శభాష్. ఇంత ముందుచూపు మొదటి నోట్లోనే ఉంటే మనకి ఇన్ని ఇబ్బందులుండేవా?" అంటూ కంప్యూటర్‌కి తన సంతకం పరికరం గుచ్చి, నాలుగు వరుసల మీదా డిజిటల్ సంతకం చేసేశారు. హైమవతి తలుపు దాటి సరాసరి రిజ్వానా సీటు దగ్గరికి పరిగెత్తింది. ఆ రాత్రికి రాత్రే రిజ్వానా మార్పుని అన్ని మిషన్లలోకీ ఎక్కించేసింది.

ఒకటో తారీకు పొద్దున ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. జనం పోటెత్తారు. అటు మీట, ఇటు మీట ఎవరు ఎలా నొక్కినా నంబర్లు ఒకదాని వెనకొకటి వస్తున్నాయి. నూకాలుకి పధ్నాలుగు వచ్చింది. ఆమె చీటీ పట్టుకుని చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లోకి ఒక్కొక్కటే తొంగి చూసింది. పధ్నాలుగు ఇంకెవరి దగ్గరా లేదు. పిలవగానే పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి పిల్ల కేరుమన్న ఏడుపు బయటికి వినపడింది. చెవి శుభ్రం చేస్తున్నట్టున్నారు. ఆ ఏడుపు విని హైమవతి కూడా ఏడ్చేసింది. రిజ్వానా కొంగందిస్తే దాంతోనే ముక్కు తుడుచుకుంది.

మార్చిలో కాంట్రాక్టు పొడిగించారు. గణపతిరావుకి ప్రమోషన్ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆడిట్ వాళ్ల దగ్గర్నుంచి హైమవతి పేర ఒక కాగితం వచ్చింది. రాష్ట్రవ్యాప్తముగా ఆసుపత్రుల పరికరముల లోపల సంస్థ నిర్వహించుచున్న ఇరుకు గదుల పారిశుద్ధ్య పరిస్థితిపై బాధ్యులైన వారు వెంటనే నివేదిక పంపవలెనని అందులో ఉంది.

హైమవతి పెన్ను తీసి కింద జవాబు రాసింది. "అన్ని గదులూ శుభ్రంగా ఉన్నాయి. ఒకసారి ఒక్కరే వెళ్తున్నారు. వెళ్లినవాళ్లు త్వరగా బయటికొచ్చి తాళం తామే ఇచ్చేస్తున్నారు. మూడో అంతస్తులో తప్ప ఎక్కడా ఫిర్యాదుల్లేవు."